మెరుపుతో పొగను కడుగుట

ప్రొద్దు గ్రుంకిన పిదప, పగటివేళ వినరాని దూరప్రాంతపు కేంద్రములు మన రేడియోపెట్టెలో పలుకుట శ్రోతలందరు ఎరిగిన సంగతియే. ఆ తరంగములు కొండలను, సముద్రములను దాటి మన యింటికి వచ్చుటకు కారణము, భూమికి సుమారు నూరు కిలోమీటర్లకు పైయెత్తున పరచుకొనియున్న విద్యుత్పూరితమైన వాయువుపొర. సూర్యకిరణముల తాకిడిచే అచ్చటి పరమాణువులు కొన్ని ఎలక్ట్రానులను కోల్పోయి, ధనావేశముగల అయానులుగను, స్వేచ్ఛగా సంచరించు ఎలక్ట్రానులుగను విడిపోయియుండును. ఆ పొర రేడియో తరంగమును అద్దమువలె క్రిందికి మరలించును. ఘనము, ద్రవము, వాయువు అను మూడు రూపములకు తోడుగా పదార్థమునకు గల ఈ నాలుగవ రూపమునకే ప్లాస్మా యని పేరు. ఆకసమున మెరయు మెరుపు, ఇంటిలోని ట్యూబ్‌లైటు వెలుగు, వెల్డింగు చేయువాని చేతికొనను కన్నులు మిరుమిట్లుగొలుపు కాంతి, ఇవియన్నియు ఆ రూపమే.

ఈ మెరుపును గొట్టములో బంధించి కర్మాగారముల పొగను శుభ్రపరచవచ్చునా యను ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు. దానికి రెండు వందల సంవత్సరముల చరిత్ర కలదు. శ్రీకాకుళ, విజయనగర జిల్లాలవారికి ఆ చరిత్రలో ప్రత్యేకమైన ఆసక్తి యుండవలెను. ఏలయన, ఈ సీమలో పెద్ద కొలిమి వెలిగించినదియు విద్యుత్తు పుట్టించిన మెరుపే. ఒకేశక్తి ఒకచోట పొగను పుట్టించునదిగను, మరియొకచోట పొగను హరించునదిగను ఎట్లయ్యెనో, అందుకు మూల్యమెంతయో, ఆ మూల్యము నెవరు చెల్లించవలెనో విచారించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

కథ విజయనగరమునకు ఉత్తరదిశను, చీపురుపల్లి, గరివిడి ప్రాంతముల నేలలోని నల్లని రాతితో మొదలగుచున్నది. అది మాంగనీసు ఖనిజము. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము ఒక పరిశ్రమగా మొట్టమొదట తలయెత్తినది ఇచ్చటనే. 1892లో కోడూరు గనులలో పని ఆరంభమైనది. తరువాత ఆ వ్యాపారము విజయనగరం మైనింగ్ కంపెనీ పేర సాగినది. భూగర్భశాస్త్రజ్ఞుడైన ఫెర్మర్ 1909లో వెలువరించిన భారతదేశపు మాంగనీసు నిక్షేపముల బృహద్గ్రంథమున ఈ సీమను సవిస్తరముగా వర్ణించి, ఇచ్చటి యొక శిలాజాతికి ఊరిపేరు మీదనే ‘కోడురైటు’ అని నామకరణము చేసెను. చీపురుపల్లి చుట్టుపట్ల వారికి తప్ప పైవారికి అంతగా తెలియని ఒక పల్లెపేరు ఆ విధముగా ప్రపంచపు భూగర్భశాస్త్ర గ్రంథములలోనికి ఎక్కినది.

పేరు గ్రంథములకెక్కినను, రాయి మాత్రము చాలకాలము ఓడలెక్కి పోవుచునేయుండెను. ఉక్కును గట్టిపరచుటకు, అందలి దోషములను తొలగించుటకు మాంగనీసు కావలయును. ఆ ఉక్కు కర్మాగారములు విదేశములలో ఉండెను. 1933లో ప్రారంభమైన విశాఖపట్టణపు ఓడరేవును నిర్మించుటకు చెప్పిన ముఖ్యకారణములలో మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతి యొకటి. త్రవ్వుట మనవంతు, కరగించుట పరులవంతు అయిన ఆ రోజులలో లాభముతోపాటు కొలిమి పొగయు విదేశములకే చెందియుండెను.

స్వాతంత్ర్యానంతరము ఈ స్థితి మారినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించి, డుడుమ జలపాతపు శక్తి తీగలమీదుగా ఉత్తరాంధ్రమునకు దిగివచ్చినది. ఆ సంవత్సరముననే ఫెర్రో అల్లాయిస్ కార్పొరేషను స్థాపితమైనది. గరివిడి కడ శ్రీరామనగరమున వెలసిన దాని కర్మాగారమును జనులు ‘ఫేకర్’ అను పొట్టిపేరుతో పిలిచిరి. తరువాతి దశకములలో బొబ్బిలి పారిశ్రామిక కేంద్రమునందును ఈ జాతి కొలుములు వెలసినవి.

ఈ కొలిమి పనిచేయు తీరు తెలిసికొనదగినది. పెద్ద ఉక్కుతొట్టి లోపల అగ్నికి తాళు ఇటుకలు పేర్చి, అందు మాంగనీసు రాయి, కోకు బొగ్గు, పలుగురాయి మొదలగువానిని పాళముగా నింపుదురు. పైనుండి మూడు లావైన కర్బన స్తంభములను ఆ రాశిలోనికి దింపి మహావిద్యుత్ప్రవాహమును పంపుదురు. స్తంభముల కొనలకడ వాయువు తాళలేక అయానులుగా విచ్ఛిన్నమై విద్యుచ్చాపము వెలుగును. 19వ శతాబ్ది తొలినాళ్లలో ఇంగ్లండున హంఫ్రీ డేవీ రెండు బొగ్గుకడ్డీల నడుమ వెలిగించి చూపిన వింతయే ఇచ్చట పరిశ్రమయైనది. చాపమున వేడిమి వేలకొలది డిగ్రీలుండును. ఆ వేడిమికి బొగ్గు ఖనిజములోని ఆమ్లజనిని లాగికొనగా, లోహము కరగి అడుగునకు దిగును. ఒక టన్ను సిలికో మాంగనీసు తీయుటకు సుమారు 4,000 యూనిట్ల విద్యుచ్ఛక్తి వ్యయమగును. కావుననే విద్యుత్తు ధర పెరిగినపుడు ముందుగా చల్లబడునవి ఈ కొలుములే.

లోహము అడుగునకు దిగగా పైకి లేచునదేమి? ఆమ్లజనిని గ్రహించిన బొగ్గు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువగును. పైభాగము తెరచియుండు కొలుములలో అది అచ్చటనే మండిపోవును. దానితోపాటు ఆవిరియైన మాంగనీసు, సిలికా చల్లబడి, కంటికి ఆనని సన్నని ధూళియై గాలిలో తేలును. ఈ ధూళి సామాన్యమైనది కాదు. గ్లాస్గోలో మాంగనీసు రాతిని పొడిచేయు కర్మాగారపు పనివారు కాళ్ల పట్టుతప్పి, స్వరము సన్నగిల్లి, ముందునకు తూలుచు నడచుట గమనించి, జాన్ కూపర్ అను వైద్యుడు 1837లోనే ఈ వ్యాధిని వర్ణించెను. మాంగనీసు ధూళిని చిరకాలము అధికముగా పీల్చినచో అది మెదడుకు చేరి నాడీమండలమును చెరచునని పిదప వైద్యశాస్త్రము ధ్రువపరచినది. కావున పొగను గూర్చిన ప్రశ్న ఆకాశపు అందమునకు సంబంధించినది మాత్రమే కాదు. కొలిమి ముంగిట నిలుచువాని నడకకు, మాటకు సంబంధించినది.

పొగలో రెండు వేరువేరు వస్తువులు కలసియుండునని మొదట గుర్తింపవలెను. ఒకటి ధూళి, అనగా ఎంత సన్నదైనను ఘనమైన కణము. రెండవది వాయువు, అనగా గాలితోపాటు గాలివలెనే పోవు అణువు. ధూళిని పట్టుట ఒక విద్య, వాయువును మార్చుట మరియొక విద్య. ఈ రెండు విద్యలయందును ప్లాస్మాకు పాత్ర కలదు. చరిత్రలో ముందు వచ్చినది ధూళిని పట్టు విద్య.

1824లో లైప్జిగ్ నగరమున హోల్‌ఫెల్డ్ అనునతడు సీసాలో పొగను నింపి, అందొక విద్యుదావేశముగల సూదిమొనను ఉంచగా పొగ క్షణములో విడిపోవుట చూచెను. ఆ పరిశీలన అరువది సంవత్సరములు గ్రంథములలోనే నిద్రించినది. 1880 ప్రాంతముల ఆ పనిని మరల చేపట్టినవాడు సర్ ఆలివర్ లాడ్జి. రేడియో శ్రోతలకు ఈయన పరాయివాడు కాడు. 1894లో నిస్తంత్రీ తరంగములను సభాముఖమున ప్రదర్శించి, రేడియో పుట్టుకకు దారితీసిన ప్రముఖులలో ఈయన యొకడు. 1885లో వేల్సు దేశమున బాగిల్ట్ అనుచోట సీసము కరగించు కర్మాగారమున ఈయన పద్ధతిని ప్రయోగించిరి. చేతియంత్రము వంటి ఆనాటి విద్యుదుత్పాదక యంత్రము కర్మాగారపు పొగకు చాలలేదు. ప్రయత్నము విఫలమైనది. శాస్త్రము సరియైనదే, సాధనము చాలలేదు.

ఆ సాధనమును సమకూర్చినవాడు అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము బోధించుచుండిన ఫ్రెడరిక్ కాట్రెల్. 1907 నాటికి ఎక్కువ వోల్టేజి నిచ్చు ట్రాన్స్‌ఫార్మర్లు వాడుకలోనికి వచ్చియుండెను. గంధకికామ్లపు మంచును పట్టుటకై ప్రయోగములు చేయుచుండగా, ఒకనాడు నూలు చుట్టిన తీగపై ప్రతి నూలుపోగు కొనయందును ఊదావన్నె వెలుగు లేచుట ఆయన చూచెను. ఆ వెలుగే ప్లాస్మా. మొన చుట్టు కిరీటమువలె నుండుటచే దానిని ‘కరోనా’ అందురు. ఇటీవలి మహమ్మారికి ఈ పేరు వచ్చుటకును ఆ కిరీటపు పోలికయే కారణముగాని, రెంటికిని వేరు సంబంధము లేదు. కిరీటమునుండి వెలువడు ఎలక్ట్రానులు గాలిలోని అణువులకు అంటుకొని, అవి ధూళికణములకు ఆవేశమునిచ్చును. ఆవేశము పొందిన ధూళి ఎదుటి రేకునకు లాగబడి అంటుకొనును. రేకును తట్టినచో ధూళి క్రిందికి రాలును. యంత్రమంతయు ఇంతే. బొగ్గుతో విద్యుత్తును పుట్టించు కేంద్రములలో బూడిదను పట్టుచున్నది నేటికిని ఈ యంత్రమే. విశాఖ సమీపమున పరవాడ కడ నున్న సింహాద్రి కేంద్రమునను ఇట్టివి కలవు. పొగలోని బూడిదలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించి ఈ యంత్రములు పట్టగలవు. అనగా ప్లాస్మాతో పొగను శుభ్రపరచుట రాబోవు కాలపు కల కాదు. నూరేండ్లుగా నడచుచున్న పని.

ఈ యంత్రము ఎట్లు వ్యాప్తిచెందెనో చెప్పక విడుచుట న్యాయము కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో కోల్టన్ దగ్గర ఒక సిమెంటు కర్మాగారముండెను. దాని ధూళి చుట్టుపట్ల నారింజ తోటల ఆకులపై పొరలుగా పేరుకొనగా, తోటల యజమానులు వ్యాజ్యమునకు దిగిరి. కర్మాగారము మూతపడు ప్రమాదమేర్పడెను. అప్పుడు 1912 ప్రాంతమున కాట్రెల్ శిష్యుడు ష్మిట్ చేతుల మీదుగా అచ్చట ధూళిని పట్టు పెద్ద యంత్రము వెలసినది. కాట్రెల్ ఆ సంవత్సరముననే తన పేటెంట్ల ఆదాయమును శాస్త్రపరిశోధనకు ధారపోయుచు ‘రిసెర్చి కార్పొరేషను’ అను సంస్థను నెలకొల్పెను. ఆయన త్యాగము కొనియాడదగినదే. అయినను, ఆ యంత్రము ప్రయోగశాల గడప దాటి కర్మాగారమునకు చేరుటకు నారింజ తోటల రైతులు న్యాయస్థానపు మెట్లెక్కుట కూడ ఒక కారణమని మరువరాదు. హోల్‌ఫెల్డ్ సీసాకును కోల్టన్ యంత్రమునకును నడుమ ఎనుబదియెనిమిది సంవత్సరములు గడచినవి. శక్తివంతమైన సాధనముతోపాటు, గట్టిగా అడుగు జనులు కూడ సమకూడిన తరువాతనే పని జరిగినది.

ఇక వాయువుల సంగతి. ధూళిని పట్టు యంత్రమునుండి గంధక ద్విఆక్సైడు, నత్రజని ఆక్సైడులు, ద్రావకముల ఆవిరులు చెక్కుచెదరక జారిపోవును. వానిని పట్టుట కాదు, విరుగగొట్టి వేరొకటిగా మార్చుట కావలెను. ఇందుకు పునాది వేసినవాడు జర్మనీ దేశస్థుడైన వెర్నర్ ఫన్ సీమెన్స్. 1857లో ఆయన ఒక గాజుగొట్టములో మరియొక గాజుగొట్టమునుంచి, నడిమి సందులో గాలిని పంపుచు ఎక్కువ వోల్టేజి విద్యుత్తును ప్రయోగించెను. గాజు అడ్డుండుటచే పెద్ద చాపము వెలుగక, కోట్లకొలది సన్నని నిప్పుపోగులు పుట్టి తత్‌క్షణమే ఆరిపోవుచుండెను. గాలిలోని ఆమ్లజని ఓజోనుగా మారి వెలికి వచ్చెను. నీటిని శుద్ధిచేయుటకు ఆ ఓజోను పనికివచ్చినది. నేటి పరిశోధకులు పొగను శుద్ధిచేయుటకు వాడు గొట్టములు పలుమార్పులు పొందినను, మూలమున సీమెన్సు గొట్టములే.

గరివిడి కొలిమిలోని ప్లాస్మాకును, సీమెన్సు గొట్టములోని ప్లాస్మాకును ఒక ముఖ్యమైన భేదము కలదు. మొదటిది వేడి ప్లాస్మా. అందు ఎలక్ట్రానులు, అయానులు, అణువులు అన్నియు కుతకుతలాడుచుండును. వేడిమి హెచ్చినకొలది వాయువులోని పరమాణువులు ఎంతపాలు అయానులగునో లెక్కగట్టు సూత్రమును 1920లో ప్రకటించినవాడు మన దేశస్థుడైన మేఘనాథ సాహా. నక్షత్రముల వెలుగును చదువుటకు పుట్టిన ఆ సూత్రము కొలిమికిని వర్తించును. రెండవది చల్లని ప్లాస్మా. అందు తేలికయైన ఎలక్ట్రానులు మాత్రమే పదివేల డిగ్రీలకు సమానమైన వేగముతో పరుగెత్తుచుండ, బరువైన అణువులు చల్లగానే యుండును. వెలుగుచున్న ట్యూబ్‌లైటును చేతితో తాకగలుగుట ఇందుకు నిదర్శనము. విద్యుదావేశము పొందిన వాయువునకు ప్లాస్మా యను పేరు 1928లో పెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆయన పరిశోధించుచుండినదియు ఇట్టి దీపపు గొట్టములనే.

చల్లని ప్లాస్మాలో పొగ శుద్ధియగు విధమిది. పరుగెత్తు ఎలక్ట్రాను గాలిలోని ఆమ్లజనిని, నీటియావిరిని తాకి ముక్కలు చేయును. ఆ ముక్కలు జతకై తహతహలాడుచు ఎదుటబడిన మలినపు అణువును పట్టుకొనును. నైట్రిక్ ఆక్సైడు తుదకు నత్రికామ్లముగను, గంధక ద్విఆక్సైడు గంధకికామ్లముగను మారును. అచ్చట అమోనియాను చేర్చినచో ఆ యామ్లములు అమోనియం నైట్రేటు, అమోనియం సల్ఫేటు అను పొడులగును. వానిని ధూళిని పట్టు యంత్రమే పట్టుకొనును. అమోనియం సల్ఫేటు మన రైతులు పొలమున చల్లు ఎరువులలో నొకటి. పొగగొట్టమున విషముగా పోవలసినది చేనికి బలమై దిగుటకు మార్గమున్నదన్నమాట.

ఇది కేవలము ఊహ కాదు. 1970 ప్రాంతమున జపానులో ఎబారా సంస్థవారు ఎలక్ట్రానుల ధారను నేరుగా పొగలోనికి చిమ్ము పద్ధతిని ఆరంభించిరి. 1980 తరువాత టోకియో ఆచార్యుడు సేనిచి మసుదా మొదలగువారు, కాట్రెల్ తీగకే క్షణములో కోట్లవంతు కాలము మాత్రముండు విద్యుత్స్పందనములనిచ్చి, ధారాయంత్రము లేకయే ఆ ఫలితమును సాధింపజూచిరి. 1997లో చైనాలోని చెంగ్డు నగరపు విద్యుత్కేంద్రమున గంటకు 3 లక్షల ఘనమీటర్ల పొగను ఎలక్ట్రాను ధారతో శుద్ధిచేయు యంత్రము పనికి వచ్చినది. పోలెండున షెచిన్ నగరములోని పొమొజానీ కేంద్రమున గంటకు 2 లక్షల 70 వేల ఘనమీటర్ల యంత్రము నెలకొల్పిరి. రెండు చోట్లను వెలువడిన పొడి ఎరువే.

మన దేశమున ఈ శాస్త్రమునకు ప్రధానపీఠము 1986లో గాంధీనగరమున స్వతంత్రసంస్థగా ఏర్పడిన ప్లాస్మా పరిశోధన సంస్థ. ఆస్పత్రుల చెత్తను వేడి ప్లాస్మాచే విచ్ఛిన్నము చేయు యంత్రములను ఆ సంస్థవారు రూపొందించిరి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు ఆచార్య రజనీకాంత్ బృందము డీజెలు యంత్రపు పొగపై విద్యుత్స్పందనములను ప్రయోగించి, శోషకముగా బాక్సైటు శుద్ధియందు మిగులు ఎర్రమట్టిని కూడ పరీక్షించినది. విజయనగరము నుండి రైలెక్కిన కోరాపుట్ దిక్కున, దమన్‌జోడి అల్యూమినా కర్మాగారము కడ గుట్టలుగా పడియుండు ఎర్రమట్టి ఆ జాతిదే. తెలుగునాట ఈ కృషి చెప్పుకొనదగినంతగా జరుగుచున్నది హైదరాబాదు ఐ.ఐ.టి.లో. అచ్చట ఆచార్య చల్లపల్లి సుబ్రహ్మణ్యము, ఆయన శిష్యులు చల్లని ప్లాస్మాకు ఉత్ప్రేరకమును జోడించి, గాలిలో కొద్దిపాటిగా కలసియుండు ద్రావకపు ఆవిరులను విచ్ఛిన్నము చేయుటపై పరిశోధనలు ప్రకటించిరి.

ఈ ద్రావకపు ఆవిరుల ప్రస్తావన మనలను శ్రీకాకుళ జిల్లాకు కొనివచ్చుచున్నది. రణస్థలము మండలమున, జాతీయరహదారి ప్రక్కన, పైడిభీమవరము పారిశ్రామిక వాడలో ఔషధముల కర్మాగారములు కలవు. ఔషధ పరిశ్రమయందెల్లెడల టోలుయీను, అసిటోను, మిథనోలు వంటి ద్రావకములు వాడుకలో నుండును. వీని ఆవిరి గాఢముగా నున్నచో చల్లబరచి తిరిగి ద్రవముగా పట్టుకొనుట లాభదాయకము, మండించివేయుటయు సులభము. కాని, లక్షపాళ్ల గాలిలో కొద్దిపాళ్లుగా నున్నచో చల్లబరచినను చిక్కదు, మండించుటకు గాలినంతను కాచవలసివచ్చును. అట్టి పలుచని మలినమునకే చల్లని ప్లాస్మా తగిన సాధనము. గాలిని కాచకయే అందలి మలినమును మాత్రము వేటాడుట దాని ప్రత్యేకత.

అయినను, గుణములు చెప్పి దోషములు దాచుట మాకు తగదు. మొదటిది ఖర్చు. ఒక ఘనమీటరు గాలిని శుద్ధిచేయుటకు 10 వాట్-గంటల శక్తి పట్టుననుకొందము. గంటకు లక్ష ఘనమీటర్ల గాలి వెలువడు కర్మాగారమునకు 1,000 కిలోవాట్ల శక్తి ఎడతెగక కావలెను. అనగా దినమునకు 24,000 యూనిట్లు. ఆ యూనిట్లు నీటినుండియో, గాలినుండియో, సూర్యునినుండియో వచ్చినచో మేలే. బొగ్గునుండి వచ్చినచో పైడిభీమవరమున కడిగిన పొగ పరవాడలో మరల పుట్టినట్లగును. మన పెరడు ఊడ్చి చెత్తను పొరుగువారి పెరటిలో వేసిన చందమిది.

రెండవ దోషము, శుద్ధియగుచున్నపుడే క్రొత్త మలినములు పుట్టుట. శక్తిని ఎక్కువగా వాడినచో గాలిలోని నత్రజనియే ఆక్సైడులుగా మారును. ఓజోను మిగిలి బయటికి పోవును. ఓజోను నీటికి శుద్ధినిచ్చినను, ఊపిరితిత్తులకు హాని చేయును. క్లోరిను గల ద్రావకములు పూర్తిగా విరుగనిచో మొదటిదానికంటె ప్రమాదకరమైన వాయువులు పుట్టవచ్చును. ఉత్ప్రేరకమును జోడించుట ఈ దోషమును తగ్గించుటకే. మూడవది, చల్లని ప్లాస్మా ధూళిని సహింపదు; గాజుపై ధూళి పేరుకొన్నచో యంత్రము కుంటుపడును. కావున మాంగనీసు కొలిమివద్ద మొదట చేయవలసినది గుడ్డసంచుల వడపోతయో, కాట్రెల్ యంత్రమో సక్రమముగా నడపుట. నాలుగవది, భూగోళమును వేడెక్కించుచున్న బొగ్గుపులుసు వాయువునకు ఇది మందు కాదు. ఏ మలినమునకు ఏ సాధనమో తెలిసి వాడుటయే విజ్ఞత.

సాధనములు ఇన్ని యుండగా వానిని పెట్టించువారెవరు? 1981లో వాయుకాలుష్య నివారణచట్టము వచ్చినది. 1997 నుండి పెద్ద కర్మాగారముల స్థాపనకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపవలెనను నియమమేర్పడినది. 2015 డిసెంబరులో బొగ్గు విద్యుత్కేంద్రములు విడుచు గంధక, నత్రజని వాయువులకు కేంద్రప్రభుత్వము పరిమితులు విధించినది. గడువులు పలుమార్లు పొడిగింపబడినవి. తుదకు 2025 జులైలో, గంధకవాయువును తొలగించు యంత్రముల విషయమున అధికభాగము కేంద్రములకు మినహాయింపు లభించినది. యంత్రము తెలియక ఆగినది కాదిది. ఖర్చెంత, మేలెంత యను వాదమున ఆగినది.

ఈ వాదమున మన జిల్లాలు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. సోంపేట కడ బీలభూములలో బొగ్గు విద్యుత్కేంద్రము వలదని రైతులు, మత్స్యకారులు పూనుకొన్న ఉద్యమమున 2010 జులై 14వ తేదీన పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు మరణించిరి. ఆ దినముననే ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతి రద్దయినది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలము కాకరాపల్లిలో మరల కాల్పులు, మరల ప్రాణనష్టము. వారు కోరినది పొగను కడుగు యంత్రము కాదు. తంపరభూమి, నీరు, చేప, జీవనము తమకు దక్కవలెనని. కోల్టన్ తోటల యజమానులకు న్యాయస్థానమున లభించిన అవకాశము బీలభూముల రైతునకు రక్తము చిందిన తరువాత లభించినది. ప్రజల మాటను ముందుగా వినియుండినచో ఆ ప్రాణములు నిలిచియుండెడివి.

కావున ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది రెండు ముక్కలు. ఎంత గొప్ప యంత్రమైనను తనంత తాను పొగగొట్టమునకెక్కదు, అడుగువారుండవలెను. అడుగువారికి ఏమి అడుగవలెనో తెలిసియుండవలెను. ఇకమీదట ఏ ఊరిలోనైన ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినపుడు పొగ వచ్చునా, రాదా యని మాత్రమే అడిగి ఊరకుండరాదు. మీ పొగలో ధూళి ఎంత, వాయువులేవి? ఒక్కొక్కదానికి ఏ సాధనమును పెట్టుదురు? ఆ సాధనము నడచుటకు విద్యుత్తెంత, అది ఎక్కడిది? విద్యుత్తు ధర పెరిగిన నాడు కొలిమిని ఆపుదురా, శుద్ధియంత్రమును ఆపి కొలిమిని నడపుదురా? శుద్ధి చేయగా క్రొత్తగా పుట్టునదేమి, దానిని కొలుచువారెవరు, కొలత మాకు చూపుదురా? ఈ ప్రశ్నలకు తిన్నని సమాధానము వచ్చినచో ప్లాస్మాయైనను, గుడ్డసంచియైనను పనికివచ్చును. రానిచో ఏ యంత్రమైనను అలంకారమే.

కోడూరు రాయి ప్రపంచపు గ్రంథములలో మన సీమకు పేరు తెచ్చినది. ఆ రాతిని కరగించినవారి పిల్లలును, ఆ కొలుముల నీడను వ్యవసాయము చేయువారి పిల్లలును తిన్నగా నడచి, స్పష్టముగా మాటలాడి, ఆరోగ్యముగా జీవించుట ఆ పేరుకంటె విలువైనది. మెరుపును పట్టు నేర్పు మనకున్నది. దానిని ఎవరి మేలుకై వాడవలెనో నిర్ణయించుట మన పని.